ఆటిజం బిడ్డ బాధ్యత తల్లి ఒక్కదానిదేనా?

రెండేళ్లు నిండినా బిడ్డ పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. ఆకాశంలో చందమామను చూపిస్తే అటు చూడడు, తనకు కావలసినది వేలెత్తి చూపడు. బొమ్మ కారు ఇస్తే నడపడు. తిరగేసి దాని చక్రాన్ని గంటల తరబడి తిప్పుతూ కూచుంటాడు. అంతకు ముందు వచ్చిన నాలుగు మాటలు కూడా పోతాయి. 'వాడి అబ్బాకు కూడా నాలుగేళ్లకు గానీ మాటలు రాలేదు' అని దాదీ సర్దిచెబుతుంది. 'నజర్ తగిలింది' అంటుంది పక్కింటి ఖాలా. ఒకరు తాయెత్తు కట్టించమంటారు, మరొకరు జిన్ను పట్టిందంటారు. దర్గాలు, బాబాలు తిరిగేసరికి బిడ్డకు నాలుగో ఏడు వస్తుంది. సాయం అందిస్తే ఎక్కువ ఫలితం కనిపించే కాలమంతా ఆ తిరుగుడులోనే కరిగిపోతుంది.

ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు. ఈ లక్షణాల కలయికను 1943లో లియో కానర్ అనే వైద్యుడు అమెరికాలో మొదట వివరంగా వర్ణించి ఆటిజం అన్నాడు. ఇది మెదడు ఎదుగుదలలోని తేడా. అంటువ్యాధి కాదు, పిచ్చి కాదు, ఎవరి పాపఫలితమూ కాదు. తల్లి ప్రేమ చాలక పిల్లలు ఇలా అవుతారన్న వాదం 1950, 60లలో పాశ్చాత్య దేశాల్లో బాగా చలామణీ అయింది; తరువాత వైద్యలోకం దాన్ని చెత్తబుట్టలో పడేసింది. మన ఇళ్లలో మాత్రం అది వేషం మార్చుకుని బతికే ఉంది. 'ఫోను చేతికిచ్చావు కనుకే ఇలా అయ్యాడు', 'కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూశావు' అనే నిందలన్నీ చివరికి తల్లి మీదే వాలతాయి. టీకాల వల్ల వస్తుందన్న పుకారు సంగతీ అంతే. 1998లో ఆ మాట రాసిన వ్యాసాన్ని అచ్చువేసిన లాన్సెట్ పత్రికే 2010లో ఉపసంహరించుకుంది. టీకా మానేస్తే తట్టు వస్తుంది తప్ప ఆటిజం ఆగదు.

మోసం తాయెత్తుల దగ్గరే ఉందనుకుంటే పొరపాటు. ఏసీ గదుల్లోనూ ఉంది. మూలకణాలు ఎక్కిస్తే ఆటిజం నయమవుతుందని లక్షలు గుంజిన వారున్నారు. ఆటిజానికి మూలకణ చికిత్సను సిఫారసు చేయలేమని 2022 డిసెంబరులో జాతీయ వైద్య కమిషన్ నైతిక మండలి స్పష్టం చేసింది. బాబాకు ఇచ్చినది వందలు, ఇక్కడ పోయేది ఇల్లు అమ్మిన సొమ్ము. అంతే తేడా.

ఇలాంటి వారు ఎందరున్నారు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నాటికి వేసిన అంచనా ప్రకారం ప్రతి 127 మందిలో ఒకరు. మన దేశంలో ఐదు ప్రాంతాల్లో 2 నుంచి 9 ఏళ్ల పిల్లలను పరీక్షించి 2018లో ప్రకటించిన అధ్యయనంలో హైదరాబాద్ కూడా ఒక ప్రాంతం. అక్కడా వందకు ఒకరు అన్నట్లుగానే తేలింది. అంటే వెయ్యి గడపలున్న బస్తీలో ఇలాంటి బిడ్డలు, పెద్దలు పదుల సంఖ్యలో ఉండాలి. మరి కనబడరేం? తలుపుల వెనుక ఉన్నారు కనుక. 2011 జనగణనలో వికలాంగులు 2.68 కోట్ల మంది అని లెక్క తేలింది. ఆ పత్రంలో ఆటిజానికి ప్రత్యేకంగా గడే లేదు. లెక్కలో లేనివారికి బడ్జెట్‌లో పైసా ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రభుత్వం అసలేమీ చేయలేదనడం అన్యాయమే అవుతుంది. 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను మాత్రమే గుర్తించింది, అందులో ఆటిజం లేదు. 1999లో జాతీయ ట్రస్టు చట్టం వచ్చి ఆటిజం పేరును మొదటిసారి చట్టానికెక్కించింది. ఆ తరువాత 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల సంఖ్యను 21కి పెంచి అందులో ఆటిజాన్ని చేర్చింది. ఇది 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. ఆటిజం ఎంత శాతమో కొలవడానికి దేశమంతా వాడే 40 అంశాల కొలబద్దను తయారు చేసింది కూడా మన సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థే. 1984లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థగా మొదలై ఇప్పుడు బౌద్ధిక వికలాంగుల సాధికారత సంస్థగా పేరు మార్చుకుంది. పేర్లకేం కొదవలేదు. వికలాంగులు దివ్యాంగులయ్యారు, ఆంధ్రప్రదేశ్‌లో విభిన్న ప్రతిభావంతులయ్యారు. పేరు మార్చడానికి ఒక జీవో చాలు. స్పీచ్ థెరపిస్టును నియమించాలంటే జీతం ఇవ్వాలి కదా!

చిక్కంతా అక్కడే ఉంది. ఆటిజానికి మందు లేదు. కావలసినవి మనుషులు. మాట నేర్పే మనిషి, తన పని తాను చేసుకోవడం నేర్పే మనిషి, బడిలో పక్కన కూచుని చదివించే టీచరు, తల్లికి నాలుగు గంటలు ఊపిరి తీసుకునే వీలిచ్చే తోడు. మన ప్రభుత్వాలు ఇచ్చేవి చాలావరకు కాగితాలు. ఒక సర్టిఫికెట్టు, ఒక కార్డు, నెలకో పింఛను. కాగితం కుటుంబానికి అవసరమే, కానీ అది బిడ్డకు మాట నేర్పదు.

ఆదోనిలో ఒక తల్లిని ఊహించండి. భర్త కువైట్‌లో డ్రైవరు. మూడేళ్ల బిడ్డకు మాటలు లేవు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి వచ్చి పిల్లలను చూడాలి. బృందం వచ్చింది, అనుమానం రాసింది, జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి వెళ్లమంది. పిల్లల వైద్యుడు, ఫిజియోథెరపిస్టు, వినికిడి, మాట చూసే నిపుణుడు, సైకాలజిస్టు, ప్రత్యేక టీచరు అందరూ ఒకే చోట ఉండాలన్నది ఆ కేంద్రాల నమూనా. ఆలోచన బంగారం లాంటిది. కానీ ఆదోని నుంచి కర్నూలుకు సుమారు 100 కిలోమీటర్లు. మాట నేర్పే శిక్షణ నెలకొకసారి చేయించుకుంటే వచ్చేది కాదు, వారానికి రెండు మూడు రోజులైనా ఉండాలి. బస్సు హారన్ వింటేనే చెవులు మూసుకుని కేకలు పెట్టే బిడ్డను ఒళ్లో పెట్టుకుని, చుట్టూ ఉన్నవారు 'పిల్లాణ్ని అదుపులో పెట్టుకోవడం రాదా?' అంటుంటే వింటూ, పోనూ రానూ 200 కిలోమీటర్లు. ఎన్ని వారాలు తిరుగుతుందామె? రెండో నెలలో మానేస్తుంది. రికార్డులో మాత్రం 'తల్లి సహకరించలేదు' అని పడుతుంది.

డబ్బున్నవారు ప్రైవేటు థెరపీ కేంద్రాలకు వెళతారు. అక్కడ గంటకు వందల్లో ఫీజు. అక్కడ పనిచేసేవారి అర్హత ఏమిటో చూసే నాథుడు లేడు. ఈ వృత్తుల్లో చాలావాటికి భారత పునరావాస మండలిలో నమోదు తప్పనిసరి అని 1992 నాటి చట్టం చెబుతోంది. గోడకు వేలాడే సర్టిఫికెట్ మీద ఆ నమోదు సంఖ్య ఉందో లేదో అడిగే హక్కు ప్రతి తల్లిదండ్రులకూ ఉంది. మొహమాటపడకండి.

మన ఇళ్లకు ప్రత్యేకమైన మరో ఇబ్బంది ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, థెరపీ గదిలో ఇంగ్లీషు. 'ఒక్క భాషే మాట్లాడండి, ఉర్దూ మానేయండి, బిడ్డ గందరగోళపడతాడు' అని చాలా చోట్ల సలహా ఇస్తున్నారు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం పిల్లల మాట మరింత వెనుకబడుతుందనడానికి పరిశోధనల్లో ఆధారం దొరకలేదు. ఆ సలహా పాటించిన తల్లి ఏం చేస్తుంది? తనకు సరిగా రాని భాషలో బిడ్డతో పొడిపొడిగా నాలుగు ముక్కలు మాట్లాడి ఊరుకుంటుంది. దాదీ, నానీ అసలు మాట్లాడడమే మానేస్తారు. మాట రావడానికి మాటలే కావలసిన బిడ్డ మౌనంలో మిగులుతాడు. కాబట్టి కర్నూలు, కడప, గుంటూరు, నిజామాబాద్, హైదరాబాద్ పాతబస్తీ వంటి చోట్ల ప్రభుత్వ కేంద్రాల్లో ఉర్దూ తెలిసిన నిపుణులు కొందరైనా ఉండాలని కోరడం భాషాభిమానం కాదు, వైద్యపరమైన అవసరం.

ఇక చదువు. ఉభయ రాష్ట్రాల్లో మండల స్థాయిలో 'భవిత' కేంద్రాలున్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు అక్కడ రిసోర్సు టీచర్లు చదువు చెబుతారు, వారానికొకసారి ఫిజియోథెరపీ శిబిరం జరుగుతుంది. మన దగ్గర ఉన్న ఏర్పాట్లలో పల్లెకు అన్నిటికంటే దగ్గరగా ఉన్నది ఇదే. కొత్తగా ఏదో మహా సంస్థను కట్టడం కంటే దీన్ని బలపరచడం చవక, సులభం కూడా. అయితే రిసోర్సు టీచర్లు ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీద నెట్టుకొస్తున్నారు. ఫిజియోథెరపీ కాళ్లూ చేతులూ పనిచేయని బిడ్డకు మేలు చేస్తుంది, ఆటిజం బిడ్డకు ముందు కావలసింది మాట, ప్రవర్తన, రోజువారీ పనుల శిక్షణ. ప్రతి భవిత కేంద్రానికీ వారానికి కనీసం రెండు రోజులు స్పీచ్ థెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు రావాలి. ఇద్దరు నిపుణులు రెండు మూడు మండలాలు తిరిగితే సరిపోయే పని ఇది. వంద మంది తల్లులు బిడ్డలను ఎత్తుకుని జిల్లా కేంద్రానికి పోవడం కంటే ఇద్దరు ఉద్యోగులు బస్సెక్కి మండలానికి రావడం న్యాయం కాదా?

ప్రత్యేక టీచర్ల విషయంలో సుప్రీంకోర్టు గట్టిగానే మాట్లాడింది. ప్రాథమిక తరగతుల్లో ఇలాంటి పిల్లలు 10 మందికి ఒకరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు చొప్పున ప్రత్యేక టీచరు ఉండాలని 2021 అక్టోబరులో తీర్పు ఇచ్చింది. రాష్ట్రాలు కదలకపోయేసరికి 2025 మార్చిలో మళ్లీ పోస్టులు ప్రకటించి తీరాలని ఆదేశించింది. 2024లో తెలంగాణ ప్రకటించిన 11,062 టీచరు పోస్టుల్లో ప్రత్యేక విద్యకు 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్జీటీ పోస్టులు కేటాయించారు. ఆంధ్రప్రదేశ్ 2025లో 2,260 ప్రత్యేక టీచరు పోస్టులు మంజూరు చేసింది. ఇది మంచి మొదలు. మరి ఉర్దూ మీడియం బడుల మాటేమిటి? 2016 నుంచి తెలంగాణలో తెరిచిన 204 మైనారిటీ గురుకులాల మాటేమిటి? ఆ గురుకులాల్లో ఆటిజం బిడ్డ ఒక్కడైనా చదువుతున్నాడా అని మన ప్రజాప్రతినిధుల్లో ఎవరైనా అడిగారా? మన సంఘాలు సీట్ల కోసం, స్కాలర్‌షిప్పుల కోసం ధర్నాలు చేశాయి, చేయాలి కూడా. ఈ పిల్లల కోసం మాత్రం ఒక్క వినతిపత్రమూ కనబడదు.

పింఛను దగ్గరికి వద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛనును 2024లో 6,000 రూపాయలకు పెంచారు. తెలంగాణలో 2023లో 4,016 అయింది. పేద కుటుంబానికి ఇది చిన్న మొత్తమేమీ కాదు. అయితే ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో మంచం పట్టినవారికి, తీవ్ర కండరాల క్షీణత ఉన్నవారికి 15,000 ఇస్తున్నారు. వారికి ఎప్పుడూ ఒక మనిషి తోడుండాలి, ఆ మనిషి పనికి పోలేదు అన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. నూటికి నూరుపాళ్లు సరైన ఆలోచన. మరి తీవ్ర ఆటిజం ఉన్న పదిహేనేళ్ల పిల్లవాడి సంగతేమిటి? మంచం పట్టలేదు కనుకే వాణ్ని ఒక్క క్షణం వదలడానికి లేదు. తలుపు తీసి ఉంటే రోడ్డు మీదికి పరుగెడతాడు. పొయ్యి మీద చేయి పెడతాడు. రాత్రి రెండింటికి లేచి కూచుంటాడు. నొప్పి ఎక్కడో చెప్పలేక తలను గోడకేసి కొట్టుకుంటాడు. వాడి తల్లి కుట్టుమిషను మీద కూచుని పదేళ్లయింది. ఇంటికి వచ్చే రాబడి ఒకటి తగ్గింది, ఖర్చు రెండింతలైంది. ఈ లెక్క ఏ ప్రభుత్వ పట్టికలోనూ లేదు.

చట్టంలో మాత్రం ఉంది! 2016 చట్టం 24వ సెక్షన్ ఎక్కువ ఆసరా అవసరమైన వికలాంగులకు సంరక్షకుల భత్యం ఇచ్చే పథకాలు ఉండాలంటోంది. 38వ సెక్షన్ అలాంటి ఆసరా కోసం దరఖాస్తు చేసుకునే హక్కునిచ్చి, ఎంత అవసరమో తేల్చడానికి బోర్డు ఉండాలంటోంది. ఇంత చక్కని మాట చట్టంలో రాసిపెట్టి, పింఛను చేతిలో పెట్టి పొమ్మనడం ఏం న్యాయం? కేరళలో 'ఆశ్వాసకిరణం' అనే పథకం కింద ఇలాంటి వారిని చూసుకునే ఇంటి మనిషికి నెలకు 600 రూపాయలు ఇస్తారు. అది మరీ చిన్న మొత్తం, అదీ బకాయిలు పడుతోందని అక్కడి కుటుంబాల గోడు. అయినా చూసుకునే తల్లి చేసేది పని అని ఒక రాష్ట్రమైనా ఒప్పుకుంది. ఉభయ తెలుగు రాష్ట్రాలు పింఛనుకు తోడుగా సంరక్షకుల భత్యాన్ని ప్రకటించాలి. అది తల్లి పేరు మీద, తల్లి ఖాతాలో పడాలి. గల్ఫ్‌లో ఉన్న తండ్రి సంతకం కోసం ఎదురుచూసే పరిస్థితి ఉండకూడదు.

ఇదేదో పాశ్చాత్యుల నుంచి అరువు తెచ్చుకున్న కోరిక అనుకునేవారు మన చరిత్రను ఒకసారి తిరగేయాలి. క్రీ.శ. 705 నుంచి 715 వరకు పాలించిన ఉమయ్యద్ ఖలీఫా వలీద్ బిన్ అబ్దుల్ మలిక్ లేచి నడవలేని ప్రతి మనిషికీ ఒక సేవకుణ్ని, చూపులేని ప్రతి మనిషికీ చేయిపట్టి నడిపించేవాణ్ని ఖజానా ఖర్చుతో ఏర్పాటు చేశాడని తబరీ వంటి చరిత్రకారులు రాశారు. ఆయన డబ్బు ఇచ్చి ఊరుకోలేదు, మనిషిని ఇచ్చాడు. ఏప్రిల్ 2ను ప్రపంచ ఆటిజం అవగాహన దినంగా పాటించాలని 2007లో ఐక్యరాజ్యసమితిలో తీర్మానం ప్రతిపాదించింది కూడా కతార్ దేశమే. మన ఊళ్ల నుంచి వేలమంది పనికి వెళ్లే దేశం అది.

సర్టిఫికెట్ల సంగతి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. పాత సదరం శిబిరాల్లో ఆటిజం బిడ్డకు బుద్ధిమాంద్యం గడిలో శాతం వేసి పంపేవారు. ఇప్పుడు ఆటిజానికి వేరే కొలత ఉంది. కానీ వందల మంది గుమిగూడిన ఆసుపత్రి వరండాలో, మూడు గంటలు నిలబెట్టి, ఐదు నిమిషాల్లో తేల్చే పద్ధతి మారలేదు. ఆ ఐదు నిమిషాలూ బిడ్డ నిశ్శబ్దంగా ఉంటే శాతం తగ్గుతుందేమోనని తల్లికి భయం, కేకలు పెడితే లోపలికి రానివ్వరేమోనని భయం. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో పింఛనుదారులను మళ్లీ పరీక్షించినప్పుడు ఈ భయమంతా మరోసారి పైకొచ్చింది. దొంగ సర్టిఫికెట్లు ఏరివేయవలసిందే, కాదనము. కానీ జీవితాంతం ఉండే స్థితి అని వైద్యులే చెప్పిన దానికి మాటిమాటికీ రుజువు అడగడం దేనికి? ఆటిజం పిల్లలకు వేరే రోజు, వేరే గది, ముందుగా చెప్పిన సమయం ఇస్తే సర్కారుకు పైసా ఖర్చు లేదు.

బిడ్డ పెరుగుతాడు. పద్ధెనిమిదేళ్లు నిండగానే ఉచిత విద్య హక్కు ముగుస్తుంది. అప్పటిదాకా బడికి, భవితకు వెళ్లినవాడు ఆ మర్నాటి నుంచి ఇంట్లోనే. ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషనులో ఆటిజం తదితరాలకు కలిపి 1 శాతం ఉంది. చదువుకోగలిగినవారు దాన్ని వదులుకోవద్దు. కానీ ఎక్కువమందికి కావలసింది పగటిపూట వెళ్లి ఏదో ఒక పని నేర్చుకునే చోటు. కేరళలో స్థానిక సంస్థలు, కుటుంబశ్రీ మహిళా సంఘాలు కలిసి 'బడ్స్' అనే బడులు నడుపుతున్నాయి. తిరువనంతపురం జిల్లా వెంగానూరు పంచాయతీలో 2004లో మొదటిది తెరిచారు. 18 దాటినవారికి వేరే కేంద్రాలున్నాయి, అక్కడ గొడుగులు, కాగితం సంచుల వంటివి చేయడం నేర్పుతారు. మనకూ ఊరూరా మహిళా సంఘాలున్నాయి. కేరళ పంచాయతీ చేసిన పని మన మునిసిపాలిటీ చేయలేదా? జాతీయ ట్రస్టు కాగితాల మీద పగటి సంరక్షణకు, తల్లిదండ్రులకు కొన్నాళ్లు విశ్రాంతినిచ్చే వసతికి, శాశ్వత నివాసానికి పథకాలున్నాయి. వాటి పేరు విన్న కుటుంబాలను మన జిల్లాల్లో వెతుక్కోవలసిందే. లక్ష రూపాయల వరకు థెరపీ, వైద్య ఖర్చులకు వర్తించే 'నిరామయ' బీమా కూడా ఆ ట్రస్టుదే. దీనికి వయోపరిమితి లేదు, ముందస్తు వైద్య పరీక్షలూ లేవు.

'మా తరువాత వీడి గతేమిటి?' ఈ ప్రశ్న ప్రతి తల్లినీ నిద్రపోనివ్వదు. ఈ విషయంలో మన కుటుంబాలు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. ముస్లిం ధర్మశాస్త్రంలో బిడ్డను పెంచే హక్కు తల్లికి ఉన్నా, మైనరు ఆస్తికి సంరక్షకుడు తండ్రి, ఆ తరువాత తండ్రి నియమించినవాడు, దాదా. తల్లి స్వయంగా మైనరు స్థిరాస్తిని అమ్మజాలదని 1918లోనే ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. దాంతో భర్త చనిపోతే తనకు ఏ అధికారమూ ఉండదని చాలామంది తల్లులు భయపడుతుంటారు. ఆటిజం బిడ్డకు పద్ధెనిమిది నిండాక దారి వేరే ఉంది. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం 14వ సెక్షన్ కింద జిల్లాలోని స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేసుకుంటే తల్లినే చట్టబద్ధ సంరక్షకురాలిగా నియమించవచ్చు. ఏ మతం వారికైనా ఇది వర్తిస్తుంది. కోర్టు చుట్టూ తిరగనక్కర లేదు. ఆ కమిటీలో కలెక్టరు స్థాయి అధికారి, ఒక నమోదిత సంస్థ ప్రతినిధి, ఒక వికలాంగుడు ఉంటారు. వారిచ్చిన పత్రాన్ని బ్యాంకులు అంగీకరించవచ్చని రిజర్వు బ్యాంకు 2007లోనే చెప్పింది. సంరక్షకులు ఆరు నెలల్లో ఆస్తి జాబితా, ఆ తరువాత ఏటా లెక్కలు ఇవ్వాలి. మేనమామో, చిన్నాన్నో ఆస్తి మింగేస్తాడన్న భయానికి ఇదే విరుగుడు. ఆటిజం ఉన్న ప్రతి ఒక్కరికీ సంరక్షకుడు అక్కరలేదన్నదీ మరవరాదు. సొంతంగా నిర్ణయం తీసుకోగలిగిన వారి హక్కును 2016 చట్టం కాపాడుతోంది.

వారసత్వంలో ఆటిజం బిడ్డ వాటా ఒక్క పైసా కూడా తగ్గదు. వైకల్యం వాటాను తగ్గించే కారణం కాదు. 'వాడికేం తెలుసు, వాడి భాగం కూడా అన్నదమ్ములే రాయించుకుంటే పోలా' అనడం పరుల సొమ్ము తినడమే. ఆ బిడ్డకు కాస్త ఎక్కువ ఇవ్వాలనుకునే తల్లిదండ్రులకు వసీయత్ మార్గం ఇరుకు. మూడో వంతుకు మించి రాయలేరు, వారసుడికి రాయాలంటే మిగిలిన వారసులు ఒప్పుకోవాలి. బతికి ఉండగానే హిబా చేయడం మరో మార్గం. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరినీ కూచోబెట్టి, ముఫ్తీనీ వకీలునూ అడిగి, ఇద్దరూ సరే అన్నదే చేయాలి.

మసీదుల్లో జకాత్ సొమ్ముతో ఇలాంటి పేద కుటుంబాలను ఆదుకోవడం మంచిదే. కానీ స్పీచ్ థెరపిస్టు జీతం దానధర్మాలతో ఇవ్వవలసినది కాదు, అగ్గిపెట్టె మీద కూడా పన్ను కట్టే పౌరుడికి సర్కారు బాకీ అది. మసీదు చేయగలిగిన పని వేరే ఉంది. జుమా నాడు తండ్రి వెంట వచ్చిన పిల్లవాడు గట్టిగా అరిస్తే సఫ్ మొత్తం వెనక్కి తిరిగి చూస్తుంది. ఆ తండ్రి మరో శుక్రవారం వాణ్ని తీసుకురాడు. పసిబిడ్డ ఏడుపు వినబడితే తల్లి కలవరపడుతుందని దైవప్రవక్త (స) నమాజును కుదించేవారని హదీసు గ్రంథాల్లో ఉంది. ఇమాములు ఒక్క ఖుత్బాలో ఈ సంగతి గుర్తుచేస్తే చాలు.

సోమవారాల్లో కలెక్టరేట్లలో ప్రజల అర్జీలు తీసుకుంటారు. ఒక్కొక్కరుగా పింఛను కోసం వెళ్లే తల్లులు పదిమంది కలిసి వెళ్లండి. అర్జీలో మూడే ప్రశ్నలు రాయండి. మన జిల్లా స్థానిక స్థాయి కమిటీ చివరిసారి ఏ తేదీన సమావేశమైంది? మన మండలం భవిత కేంద్రానికి మాట నేర్పే నిపుణుడు వారానికి ఎన్ని రోజులు వస్తున్నాడు? 38వ సెక్షన్ కింద ఎక్కువ ఆసరా కోసం దరఖాస్తు ఎవరికివ్వాలి? జవాబు రాతపూర్వకంగా కావాలని చివర రాసి, రసీదు మీద తేదీ వేయించుకోండి.